ఐసు తోరణం

1981 మే 17, ఆదివారం సాయంత్రం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, మట్టెవాడలోని ఒక బడి ఆవరణలో, పెండ్లి విందు బల్ల మీద నిలబెట్టిన ఐసు తోరణం కూలింది. విందుకు వచ్చినవాళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. తొమ్మిది గంటలయ్యేసరికి వంట దగ్గర పనిచేసిన పదకొండు మంది దవాఖానలో ఉన్నారు. వాళ్లలో ఒకరు చనిపోయారు.

ఆ విందు వంట మా అన్న కిషన్ రావు ఒప్పుకున్నది. నేను అప్పుడు ఒక దినపత్రికకు వరంగల్ విలేకరిని. ఆదివారాలు అన్నకు సాయంగా వెళ్లేవాణ్ని.

నాన్న కాలం నుంచి మాది వంట పని. జనాన్ని పంక్తిలో కూర్చోబెట్టి విస్తళ్లలో వడ్డించడమే మాకు తెలిసింది. ఆ ఏడాది మార్చిలో అన్న హైదరాబాదులో ఒక హోటల్లో జరిగిన విందుకు వెళ్లి వచ్చాడు. అక్కడ జనం నిలబడి తిన్నారని, పొడుగు బల్ల మధ్యలో ఐసుతో చెక్కిన హంసను పెట్టారని, వచ్చినవాళ్లు తిండి కన్నా ముందు దాన్నే చూశారని చెప్పాడు.

"మనం హంస పెట్టొద్దు తమ్మీ. మన ఊరిది పెట్టాలె. కోటలున్న రాతి తోరణమసోంటిది పెడితె ఎట్లుంటది?"

"ఎవరు చెక్కుతరన్నా?"

"సారంగపాణి."

సారంగపాణి కొత్తవాడలో నూలుకు రంగులద్దేవాడు. జంపఖానాలకు నమూనాలు కూడా గీసేవాడు. యాభై ఏళ్లుంటాయి. అతని గోళ్లు ఒక వారం ఎర్రగా, ఒక వారం నీలంగా ఉండేవి. ఐసు ఎన్నడూ చెక్కలేదు. అన్న అడిగితే ఒక రోజు గడువు తీసుకుని వచ్చాడు.

"గీసేదే గదా పంతులూ. నూలు మీద గీస్తె ఉంటది, ఐసు మీద గీస్తె కరుగుతది. అంతే ఫరక్."

మొదటి తోరణం ఏప్రిల్ చివర్లో ఒక నిశ్చితార్థం విందులో పెట్టాం. ఫ్యాను గాలి తగిలిన పక్క ముందు కరిగి, తోరణం ఒరిగింది. నీళ్లు కింద పెట్టిన తాంబాళం దాటి లడ్డూల తట్టలోకి పోయాయి. రెండోసారి ఒక చిన్నపిల్ల బల్లగుడ్డ పట్టుకుని లాగితే ఒక స్తంభం జారి పెండ్లికొడుకు మేనమామ పాదం మీద పడింది. ఆయన బొటనవేలి గోరు పోయింది. ఆ రెండు తోరణాలకూ అతుకులే బలహీనమని సారంగపాణి తేల్చాడు. స్తంభాలు వేరు, పైన పరిచే దూలం వేరు. రెంటినీ అతికించడానికి అతనే ఒక పద్ధతి కనిపెట్టాడు. అతుకు దగ్గర గుప్పెడు ఉప్పు చల్లుతాడు. పై ముక్క పెట్టి, తడి గోనె కప్పి, చేతులతో అదిమి వంద లెక్కపెడతాడు. ఉప్పు పడ్డ చోట ఐసు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. మూడో తోరణం, నాలుగో తోరణం కదలకుండా రెండేసి గంటలు నిలబడ్డాయి. అన్నకు పేరొచ్చింది. జూన్ దాకా విందులు ఒప్పుకున్నాడు.

విందు అయ్యాక ఆ ఐసును పారబోసేవాళ్లం కాదు. మేలో వరంగల్‌లో ఐసు పారబోసేవాళ్లు ఎవరూ లేరు. ముక్కలు కొట్టి, పనివాళ్ల కోసం కలిపిన మజ్జిగ డ్రమ్ములో వేయించేవాడు అన్న. మజ్జిగను మా దగ్గర సల్ల అంటారు. అందరికన్నా ముందు యాకమ్మ లోటా పట్టుకుని వచ్చేది.

యాకమ్మది ధర్మసాగర్. పన్నెండేళ్లుగా మా గిన్నెలు తోముతోంది. మొగుడు పోయాడు. కూతురు మొగిలమ్మను రఘునాథపల్లిలో ఇచ్చింది. అన్నను ఆమె అన్నంత మాట మా అమ్మ కూడా అనేది కాదు.

"ఓ పంతులూ, సల్లల ఉప్పేస్తానవా? ఎయ్యకు. తోరణమే ఏస్కొచ్చింది."

"అవును యాకమ్మా. నీ కోసమే ఏపిచ్చిన."

"రాజులు గూడ గట్టుకున్నరు గని తాగలే. మనం తోరణం తాగుతానం."

మూడో విందు నుంచి అది అందరి నోటా ఆడింది. వంటవాళ్లు సల్లలో ఉప్పు వేయడం మానేశారు.

కొట్టు గది అమ్మ చేతిలో ఉండేది. ఏ ఊళ్లో విందైనా ఒక గదికి తాళం వేయించి, సరుకులన్నీ అందులో సర్దుకుని, గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేది. పొద్దు గుంకేలోపు వంటకు కావలసిన ఉప్పంతా కొలిచి ఒక కుండలో పోసి పొయ్యిల దగ్గర పెట్టించేది. ఆ కుండ వంటకే. ఇంకొకరు దాని మీద చెయ్యి వేయకూడదు. తర్వాత గదిలో దీపం పెట్టేది. దీపం పెట్టాక ఉప్పు గడప దాటకూడదు. దాటితే లక్ష్మి వెంట పోతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మా అమ్మ ఒక్కదానిదే కాదు. మా వాడల్లో కిరాణా కొట్లవాళ్లు కూడా దీపాలు పెట్టాక ఉప్పు అమ్మేవాళ్లు కాదు.

మే 17 విందు ధాన్యం వ్యాపారి పాండురంగం కొడుకుది. మునుపటి తోరణాలు రెండడుగులు. పాండురంగం మూడడుగులది కావాలన్నాడు. ఆరు వందల మందిని పిలిచాడు.

నేను ఏడింటికి వెళ్లాను. అప్పటికే తోరణం బల్ల మీద ఉంది. వెనక బల్బు పెట్టారు. పిల్లలు చుట్టూ చేరారు. సారంగపాణి బల్ల చివర నిలబడి తోరణాన్ని చూస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"ఇయ్యాల అతుకు పట్టినట్టు లేదు."

"ఎందుకన్నా?"

"ఏమో. రెండు వందలు లెక్కవెట్టిన. గట్టి పడ్తలేదు."

అన్నకు చెబుదామని నేను వెళ్లేలోపే అది కూలింది. దూలం ముందుకు జారి బల్ల మీద పడి మూడు ముక్కలైంది. ఒక స్తంభం తాంబాళంలోనే ఒరిగిపోయింది. పిల్లలు అరిచారు. తర్వాత నవ్వారు. పాండురంగం వేదిక దిగి వచ్చాడు.

"కొడుకు పెండ్లినాడు తోరణం కూలుతదా కిషన్ రావ్?"

"ఐసు సేటూ. కరుగుతది."

"కరుగుడు వేరు. కూలుడు వేరు. మా వియ్యపురాలు మొకం చూసినవా? ఇదేం శకునమని అడుగుతాంది. ఏం చెప్పమంటవ్?"

అన్న చేతులు జోడించాడు. బల్లగుడ్డ మార్పించాడు. తోరణం ఉన్నచోట మామిడిపండ్ల పళ్లెం పెట్టించాడు. పది నిమిషాల్లో విందు మళ్లీ నడిచింది. వియ్యపురాలు కూడా పళ్లెం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పది నిమిషాలూ మా అందరి ధ్యాస ఆమె మీదే ఉంది.

అన్న నా వైపు తిరిగి, "ముక్కలు ఎత్తిపియ్యి తమ్మీ. సల్ల డ్రమ్ముల ఎయ్యమను. పొయ్యిలకాడోళ్లు ఉడికిపోతాన్రు, పాపం," అన్నాడు.

మామూలుగా ఐసు సల్లలో పడేది విందు అయ్యాక. ఆ రోజు ముందే పడింది. ఉప్పలయ్య, నేను రెండు తొట్లలో ముక్కలు ఎత్తి వంటశాలకు మోశాం. తాంబాళంలో నిలిచిన నీళ్లు కూడా ఉప్పలయ్య డ్రమ్ములోనే పోశాడు. ఉప్పలయ్య అన్న దగ్గర సామాను మోసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. విందులు లేని రోజుల్లో సారంగపాణి దగ్గర నూలు బస్తాలు మోసేవాడు.

పొయ్యిల దగ్గరివాళ్లు, గిన్నెల దగ్గరివాళ్లు డ్రమ్ము చుట్టూ చేరారు. యాకమ్మ ఒక గ్లాసు తాగి, ఇంకొకటి ముంచింది.

"తోరణం పెద్దగ చేసిన్రేమో, ఉప్పు జర ఎక్కువైంది."

"వద్దంటె నాకియ్యి," అన్నాడు ఉప్పలయ్య.

"ఎందుకిస్త? సల్లగున్నది."

నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. నోటి దగ్గర పెట్టుకోబోతుంటే ఫోటోలవాడు పిలుస్తున్నాడని కబురొచ్చింది. గ్లాసు యాకమ్మ చేతికిచ్చి వెళ్లాను. అది ఆమెకు మూడోది.

ఎనిమిదింటికి ఆమె నల్లా దగ్గర కూర్చుండిపోయింది. గిన్నె చేతిలోనే ఉంది. కండ్లు తిరుగుతున్నాయంది. అమ్మ కొట్టు గదికి తాళం వేసి వచ్చి ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"దీని మూతి జూడుండ్రి. నేరేడు పండ్లు తిన్నట్టున్నది."

పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. అదే సమయానికి పొయ్యి దగ్గర ఒకతను వాంతి చేసుకున్నాడు. ఉప్పలయ్య గోడకు ఆనుకుని కిందికి జారాడు. ఎనిమిది పదికి పాండురంగం ధాన్యం లారీలో పదకొండు మందిని ఎక్కించాం. యాకమ్మ తల అమ్మ ఒళ్లో పెట్టుకుంది. బల్ల దగ్గర జనం ఇంకా తింటున్నారు. వాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

దవాఖానలో డ్యూటీ డాక్టరు రాజేశ్వర్ రావు. ముప్పై ఏళ్లవాడు. మంచాలు చాలక నలుగురిని చాపల మీద పడుకోబెట్టారు. నర్సు యాకమ్మ చేతి నుంచి రక్తం తీసింది. డాక్టరు ఆ సిరంజిని దీపం కిందికి తీసుకెళ్లి చూశాడు. రక్తం ఎర్రగా లేదు. కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

"వీళ్లేం తిన్నరు?"

"పెండ్లోళ్లు తిన్నదే. ఇంక పూర్తిగ తినను గూడ లేదు," అన్నాడు అన్న.

"పెండ్లివాళ్లకు ఏం కాలేదు గదా. వీళ్లు తీసుకున్నది, వాళ్లు తీసుకోనిది ఏంటిదో అది చెప్పండి."

"సల్ల."

"సల్లల ఏం కలిపిన్రు?"

"పెరుగు, నీళ్లు, ఐసు. అదే పెరుగు దహీవడల వేసినం. అదే ఐసు షర్బత్ల వేసినం."

"అదే ఐసు కాదు పంతులూ," అన్నాడు సారంగపాణి. అతను లారీ వెనక సైకిలు మీద వచ్చాడు. "తోరణం ఐసు. దాంట్ల ఉప్పుంటది, అతుకుకు ఏసింది."

"ఏ ఉప్పు?"

"తినే ఉప్పే సార్. మన కొట్టు గదిలదే. ఉప్పలయ్య తెచ్చిండు."

"తినే ఉప్పుతోటి రక్తం ఇట్ల గాదు," అన్నాడు డాక్టరు. సిరంజి నర్సు చేతికిచ్చి, ఉప్పలయ్య దగ్గరికి వెళ్లి చెంప మీద తట్టాడు. ఉప్పలయ్య కళ్లు తెరిచాడు గాని చూపు నిలవలేదు. డాక్టరు పెరుగు ఎక్కడ తెచ్చారో, పాత్రలకు కళాయి ఉందో లేదో అన్నను అడగడం మొదలుపెట్టాడు. వార్డు గోడ గడియారంలో అప్పుడు ఎనిమిది ముప్పై అయిదు.

అమ్మ యాకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆమె పాదాలు రుద్దుతోంది. సారంగపాణి మాట అమ్మకు వినబడింది. డాక్టరు మాట కూడా వినబడింది. అన్న పెరుగు తెచ్చిన చోటు చెప్పాడు. కళాయి వేయించిన నెల చెప్పాడు. నూనె గురించి చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. రెండుసార్లు యాకమ్మ దగ్గరికి వచ్చి నాడి చూశాడు. ఆక్సిజన్ పెట్టించాడు. రంగు మారలేదు.

ఎనిమిది నలభై అయిదుకు అమ్మ లేచి నిలబడింది.

"ఉప్పు నేనియ్యలే."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

"ఉప్పలయ్య అడిగిండు. అప్పటికి దీపం పెట్టిన. ఇయ్యలే."

"ఇవ్వకపోతే ఎక్కడి నుంచి తెచ్చిండమ్మా?" అన్నాడు డాక్టరు.

"నాకెర్క లేదు బిడ్డా. నా కొట్టుల నుంచి మాత్రం రాలే."

అన్న సారంగపాణి వైపు చూశాడు. "నీ ఉప్పు నువ్వు తెచ్చుకోవా?"

"పొద్దుండంగనే తీస్కున్న పంతులూ. అయిదింటికి పెద్దమ్మే ఇచ్చింది. పొట్లం ఐసు తొట్టిల వడి కరిగిపోయింది. మల్ల తెమ్మని ఉప్పలయ్యను తోలిన. తెచ్చిండు. కొట్టుల నుంచే అనుకున్న."

"దుకాణంల కొన్నడేమో," అన్నాను.

"దీపాలు పెట్టినంక ఏ కోమటాయన అమ్ముతడు?" అని సారంగపాణి ఆగిపోయాడు. తన గోళ్ల వైపు చూసుకున్నాడు. "నా కార్ఖానల ఉప్పున్నది. రంగుకు వాడుతం. బస్తా మోసుకొచ్చి పెట్టింది వాడే."

"ఏది తెచ్చిండో అది నాకు కావాలె," అన్నాడు డాక్టరు. "జల్ది."

అన్న వచ్చిన స్కూటరు తీసుకుని నేను సారంగపాణిని వెనక ఎక్కించుకుని వెళ్లాను. దవాఖాన నుంచి కొత్తవాడ దగ్గరే. రంగుల కార్ఖానా అంటే అతని ఇంటి వెనక రేకుల కొట్టం. సారంగపాణి భార్య చిలుకమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది.

"ఉప్పలయ్య వచ్చిండా?" అని అడిగాడు సారంగపాణి.

"వచ్చిండు. ఏమైంది?"

"ఏం తీస్కపోయిండు?"

"నేను లోపలికి రాలే. వచ్చుడు వచ్చుడే బాయికాడ సబ్బుతోటి చేతులు గడుక్కున్నడు. ఎందుకురా అంటె, పెండ్లిల పెట్టేది అక్కా, మైల చేతులతోటి ముడుతనా అన్నడు."

తలుపు పక్కన గోనె బస్తాలో ఉప్పు ఉంది. రాళ్ల ఉప్పు. రంగు చేతులతో తీసి తీసి పైన పొరంతా ఎర్రగా, నీలంగా మరకలు పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టినట్టు లేదు. బస్తా వెనక చెక్క మీద ఒక రేకు డబ్బా ఉంది. మూత తీసి పక్కన పెట్టి ఉంది. లోపల తెల్లని పలుకులు. రెండు దోసిళ్లు తీసిన గుంట కనబడుతోంది. డబ్బా నుంచి గడప దాకా నేల మీద తెల్ల పలుకులు రాలి ఉన్నాయి.

సారంగపాణి డబ్బా దగ్గర కూర్చుండిపోయాడు.

"ఇది ఉప్పు కాదు. ఎర్ర రంగు నూలుకు పట్టెటందుకు పోసే మందు."

"విషమా?"

"నాకెర్క లేదు. ముప్పై ఏండ్ల సంది చేతులు పెడ్తాన దాంట్ల. నోట్ల ఎవడు పెడ్తడు?"

మూత బిగించి డబ్బా తీసుకుని తొమ్మిది అయిదుకు వార్డులోకి వెళ్లాం. యాకమ్మ మంచం చుట్టూ తెర కట్టి ఉంది. ఎనిమిది యాభైకి పోయిందని నర్సు చెప్పింది. అమ్మ తెర బయట నిలబడి ఉంది.

డాక్టరు డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు చదివాడు. సోడియం నైట్రైట్. నర్సును పిలిచి చీటీ రాసి మెడికల్ కాలేజీకి మనిషిని పంపాడు. పావుగంటలో మందు వచ్చింది. చిన్న గాజు గొట్టాల్లో నీలం నీళ్లు. మొదటిది ఉప్పలయ్యకు ఎక్కించాడు. సారంగపాణి పక్కనే నిలబడి సిరంజి చూశాడు.

"అది రంగు గదా సార్."

"రంగే," అన్నాడు డాక్టరు. "వీళ్లకు ఇదే మందు."

పదింటికి ఉప్పలయ్య పెదవుల్లో రంగు మారింది. మంచినీళ్లు అడిగాడు. మిగతా తొమ్మిది మంది కూడా బతికారు. మూడో రోజుకు అందరూ ఇండ్లకు వెళ్లారు.

మర్నాడు పొద్దున నేను పత్రికకు ఎనిమిది వాక్యాలు పంపాను. ఆరు అచ్చయ్యాయి. రంగులకు వాడే మందు ఉప్పుగా పొరబడి మజ్జిగలో కలిసిందని అందులో ఉంది. దీపం సంగతి నేను రాయలేదు.

అదే రోజు మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ వార్డుకు వచ్చి ఉప్పలయ్య వాంగ్మూలం తీసుకున్నాడు. అన్న, నేను అక్కడే ఉన్నాం.

"ఉప్పు కోసం కొట్టు గదికి పోయినవా?"

"పోలే సార్."

"ఎందుకు పోలే?"

"దూరమనిపిచ్చింది. సీదా కార్ఖానకే పోయిన."

"బస్తాల ఉప్పుండంగ డబ్బా ఎందుకు ముట్టినవ్?"

"బస్తాల ఉప్పుకు రంగులంటినయ్. డబ్బాలది తెల్లగున్నది. పెండ్లి గదా, మంచిగుండాలె అనుకున్న."

హెడ్ కానిస్టేబుల్ అది రాసుకున్నాడు. కొట్టు గది మనుషుల్ని అడగకుండా తనకు తానే తెచ్చాడని, నిర్లక్ష్యమని, కేసు ఉప్పలయ్య మీద నడుస్తుందని అన్నతో చెప్పాడు. కొట్టు గది నుంచి కార్ఖానా కన్నా దగ్గరగా పొయ్యిల కాడి కుండ ఉంది. దాని గురించి ఆయన అడగలేదు. ఉప్పలయ్య చెప్పలేదు.

రాత్రి భోజనాల దగ్గర అన్న ఆ సంగతి అమ్మకు చెప్పాడు.

"వాడే అట్ల చెప్పిండమ్మా. ఊకుందాం. వకీలును నేను పెడ్త. నీ పేరు స్టేషన్ల ఎందుకు?"

అమ్మ అన్నం ముద్ద కలిపి, తినకుండా చెయ్యి కడుక్కుంది.

"వాడు వచ్చి గడప కాడ నిలవడ్డడు. పెద్దమ్మా, దోసెడు ఉప్పు అన్నడు. రేపొద్దున రా అన్న. నవ్విండు. రేపొద్దుందాక ఐసు ఆగుతదా పెద్దమ్మా అన్నడు. ఆగకపోతె పొమ్మన్న."

"ఇయ్యకపోవుడు తప్పు గాదు గదమ్మా. ఎవలిస్తరు ఆ యాళ్లకు?"

"తప్పో ఒప్పో నేను అంటలేను కిషనూ. వాడు రాలేదని రాసుకున్నరంటానవు. వాడు వచ్చిండు."

మంగళవారం పొద్దున పది గంటలకు ఆమెను నేను స్టేషనుకు తీసుకెళ్లాను. సబ్ ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించాడు. ఆమె ఆ నాలుగు మాటలే మళ్లీ చెప్పింది. డాక్టరు మొదట ఎప్పుడు అడిగాడు, ఆమె ఎప్పుడు చెప్పింది అన్నది కూడా తనే చెప్పింది. "గడియారం నేను జూసిన. పది నిముషాలు," అంది. సబ్ ఇన్‌స్పెక్టరు కలం ఆపి, అది అవసరం లేదన్నాడు. రాయమంది. రాశాడు. కింద తెలుగులో సంతకం చేసింది. జూలైలో ఆ కేసును ప్రమాదమని మూసేశారు.

పదకొండో రోజు యాకమ్మ కర్మ ధర్మసాగర్‌లో జరిగింది. అన్న, నేను వెళ్లాం. అమ్మ రాలేదు. కొత్త చీర పంపింది. మొగిలమ్మ చీర తీసుకుని పక్కన పెట్టి నన్ను అడిగింది.

"అన్నా, నువ్వక్కడున్నవట గద. మా అవ్వ ఆఖరికి ఏమన్న అన్నదా?"

"సల్ల తాగుకుంట, సల్లగున్నదన్నది."

"గంతేనా?"

"అంతే."

గ్లాసు సంగతి చెప్పలేదు.

సారంగపాణి మళ్లీ ఐసు ముట్టలేదు. ఆ డబ్బాకు తాళం వేసే పెట్టె చేయించాడని, బస్తా ఉప్పును ఇంకో గదిలోకి మార్చాడని చిలుకమ్మ చెప్పింది. అన్న ఒప్పుకున్న విందుల్లో నాలుగింటిని ఇతరులకు అప్పగించాడు. ఒకటి మాత్రం వాళ్లు వదల్లేదు. జూన్ 7న, హనుమకొండలో. రెండు వందల మంది. జనాన్ని పంక్తిలో కూర్చోబెట్టి విస్తళ్లలో వడ్డించాం.

ఉప్పలయ్య వచ్చాడు. అన్న వద్దనలేదు. కొట్టు గది ముందు నుంచి పోయేటప్పుడు అతను తల వంచుకుని పోయాడు. గిన్నెల దగ్గర కొత్త మనిషి ఉంది. పనివాళ్లకు సల్ల కలిపారు. ఐసు వేయలేదు.

ఆరున్నర దాటాక అమ్మ గదిలో దీపం పెట్టింది. తర్వాత ఉప్పు జాడీని రెండు చేతులతో ఎత్తుకుని గడప దాటి బయటికి వచ్చింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. అందుకోబోతే వద్దంది. గుమ్మం పక్కన స్టూలు వేయించి దాని మీద పెట్టింది. మూత తీసి పక్కన పెట్టింది. జాడీ అంచు దాకా ఉప్పు ఉంది. దాంట్లో ఒక చెంచా గుచ్చింది. లోపలికి వెళ్లి పీట మీద కూర్చుంది.

పంక్తులు తొమ్మిదిన్నర దాకా నడిచాయి. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు ఆ గుమ్మం ముందు నుంచే తిరిగారు. ఉప్పలయ్య బియ్యం కోసం రెండుసార్లు, నూనె కోసం ఒకసారి, విస్తళ్ల కోసం ఒకసారి గుమ్మం దాకా వచ్చాడు.

పొద్దున సామాను బండికెక్కించేటప్పుడు ఆ జాడీని నేనే ఎత్తాను. చెంచా పెట్టినట్టే ఉంది. ఉప్పు అంచు దాకా ఉంది.